బట్టీ పట్టిన బొమ్మలు

నోరా, వీపుకి దెబ్బలు తేకే అని మా అమ్మ నా చిన్నప్పుడు రోజుకోసారైనా అనేది. ఆ నోరు వినే రకం కాదు. ఇంట్లో ఎవరూ భరించలేకపోయారు కాబట్టి దాన్ని తీసుకెళ్ళి ఉద్యోగంలో పెట్టాను. బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికొస్తుందో, ఏది ఆలస్యమో, ఎవరి పిల్ల తప్పిపోయి ఆఫీసు గదిలో ఏడుస్తోందో చెప్పడం నా పని. ఇరవై రెండేళ్ళుగా చెబుతున్నాను. డ్రైవర్లూ కండక్టర్లూ నన్ను మైకక్క అంటారు. అసలు పేరు జీతం చీటీ రాసేవాడికి తప్ప ఎవరికీ తెలియదు.

పొద్దున్న డ్యూటీ ఎక్కగానే ఆ రోజు చార్టు ఒక్కసారి చదువుతాను. అంతే. నూట పది బస్సులు వరసగా నాలుక మీదికొచ్చి కూర్చుంటాయి. మళ్ళీ చార్టు వంక చూడను. నోటి దారిన నోరు చెప్పుకుపోతుంటుంది, నేను స్వెట్టరు అల్లుకుంటూ ఉంటాను. కొత్తగా వచ్చిన మేనేజరు ఇదేం పద్ధతని ఒకసారి పరీక్ష పెట్టి, ఒక్క తప్పు కూడా దొరక్క మొహం గంటు పెట్టుకుని వెళ్ళిపోయాడు.

అలాంటిదాన్ని ఒక మధ్యాహ్నం, "ప్రయాణికులకు గమనిక" అన్నాను. ఆ తరవాత మాట రాలేదు. చెప్పాల్సింది తెలుసు, బస్సు కిటికీలోంచి కనిపిస్తూనే ఉంది. దాని పేరు మాత్రం ఎక్కడా లేదు. కుడిచేతి వేళ్ళు మైకు స్విచ్చి మీద వాటంతటవే కొట్టుకుంటున్నాయి. బస్టాండంతా నా గొంతు "అ... అ... అ..." అని వినపడింది. నిమిషంలో అంతా మామూలైపోయింది. మైకక్కకి కూడా నత్తి వస్తుందా అని డ్రైవర్లు నవ్వారు. నేనూ నవ్వాను. బాత్రూములోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాక మాత్రం నేల మీద కూలబడ్డాను.

మా అమ్మాయి మర్నాడే ఆసుపత్రికి లాక్కెళ్ళింది. దానికి ఇరవై నాలుగేళ్ళు, కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసే పని. వాళ్ళ నాన్న పోయి ఆరేళ్ళైంది, ఇంట్లో మేమిద్దరమే. దానికి వాళ్ళ నాన్న పోలిక, రోజుకి పది మాటలు కూడా వాడదు. ఫొటోలు తీశారు, పెద్ద గొట్టంలో పడుకోబెట్టి మళ్ళీ తీశారు. నాలుగో రోజు పెద్ద డాక్టరు దగ్గర కూర్చోబెట్టారు.

ఆయన టేబుల్ మీద ఊడదీసి మళ్ళీ అతికించే ప్లాస్టిక్ తలకాయ ఒకటుంది. దాన్ని విప్పి ఒక్కో ముక్కా మా చేతిలో పెట్టాడు. "ఇది మెదడు. దీని కిందనుంచి నడుం దాకా దిగిందే వెన్నుపాము. ఈ రెండూ కలిస్తే కేంద్ర నాడీ వ్యవస్థ. ఒళ్ళంతా ఉన్న నరాలు వీటికి వార్తలు తెస్తాయి, ఇవి ఇచ్చిన ఆజ్ఞలు పట్టుకెళతాయి."

"నా వీపులో పాముందని ఇన్నాళ్ళూ తెలీదు డాక్టర్ గారూ" అన్నాను. భయమేస్తే నాకు వాగుడు ఎక్కువవుతుంది.

ఆయన నవ్వాడు. "మంచి పామేనమ్మా. వేడి గిన్నె ముట్టుకుంటే మీరు అబ్బా అనేలోపే చెయ్యి వెనక్కొచ్చేస్తుంది కదా, అది ఈ పాము చలవే. మెదడుకి కబురు తరవాత అందుతుంది." వెనకవైపున్న చిన్న ముద్ద చూపించి చిన్నమెదడన్నాడు. నడిచేటప్పుడు తూలకుండా చూసేది అదేనట. దాని ముందున్న కాండం చూపించి, ఊపిరీ గుండే మనం నిద్రపోయినా ఆగకుండా నడిపేది ఇదన్నాడు. పైనున్న పెద్ద మెదడు రెండు సగాలు. ఎడమ సగం కుడిచేతిని ఆడిస్తుంది, కుడి సగం ఎడమచేతిని. చాలామందికి మాట ఎడమ సగంలోనే ఉంటుంది.

"మీ తలలో ఒక గడ్డ ఉందమ్మా, ఆ ఎడమ సగంలోనే" అన్నాడు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. మా అమ్మాయి చేతిలో ప్లాస్టిక్ ముక్క అలాగే ఉండిపోయింది.

గడ్డ నెమ్మదిగా పెరిగే రకమట. ఎంత ఎక్కువ తీస్తే అంత ఎక్కువ కాలం బతుకుతాను. కానీ అది మాట ఉండే చోటుకి ఆనుకుని ఉంది. మాట పలికే చోటొకటి, మాట వెతికి తెచ్చే చోటు ఇంకొకటి. అవి అందరికీ ఒకేచోట ఉండవు. అందుకని నన్ను ఆపరేషన్ మధ్యలో నిద్ర లేపి, బొమ్మలు చూపించి పేర్లు అడుగుతూ, సన్నని కరెంటుతో మెదడు మీద అక్కడక్కడా ముట్టుకుని చూస్తారట. ఎక్కడ ముట్టుకుంటే మాట ఆగుతుందో అక్కడ కొయ్యరు.

"తల తెరిచి ఉండగా మెలకువగానా?" అంది మా అమ్మాయి.

"మెదడుకి నొప్పి ఉండదమ్మా. ఒంట్లో నొప్పులన్నీ దానికే తెలియాలి, దాన్ని కోస్తే మాత్రం దానికి తెలియదు."

మా అత్తగారు గుర్తొచ్చింది కానీ చెప్పలేదు. "మాట పోయేలా ఉంటే అక్కడితో ఆపెయ్యండి డాక్టర్ గారూ" అన్నాను. "మాట లేకపోతే నేనుండి ఎందుకు?"

మా అమ్మాయి చేతిలోని ప్లాస్టిక్ ముక్కని ఠక్కున టేబుల్ మీద పెట్టేసింది.

ఆయన చివర్లో ఇంకో మాటన్నాడు. ఆ మాటే నా కొంప ముంచింది. "ఇప్పటికే మాట బాగా దెబ్బతిన్నవాళ్ళకి ఈ మెలకువ ఆపరేషన్ పనికిరాదు. వాళ్ళకి మొత్తం మత్తిచ్చి, అందాజాగా చెయ్యాల్సిందే."

మెదడులో అందాజా ఏంటండీ! ఆ మాట నా చెవిలో ఇల్లు కట్టుకుంది.

ఆ సాయంత్రమే పరీక్ష. పరీక్ష పెట్టే అమ్మాయికి మా పిల్ల కంటే నాలుగేళ్ళు ఎక్కువుంటాయేమో, నేను మాటల డాక్టరమ్మ అని పేరు పెట్టాను. ఆమె దగ్గరున్న పలకలాంటి ఫోన్‌లో అరవై బొమ్మలు వరసగా వస్తాయి. ప్రతిదానికీ "ఇది ఫలానా" అని చెప్పాలి. ఇది గొడుగు. ఇది తాబేలు. ఇది నిచ్చెన. తొమ్మిదోది పళ్ళున్న వస్తువు. రోజూ తల దువ్వుకునేదే. "ఇది... ఇది అదేనమ్మా, జుట్టుకి..." అని తలమీద చేత్తో దువ్వి చూపించాను తప్ప పేరు రాలేదు. అలాంటివి పదకొండొచ్చాయి. రాని ప్రతిదానికీ పేరు ఆమే చెప్పింది.

"ఫర్వాలేదమ్మా. రానివి పక్కన పెట్టి, వచ్చినవాటితోనే చేద్దాం. ఎల్లుండి ఇంకోసారి అరవై చూద్దాం" అంది.

ఫర్వాలేదు అని డాక్టర్లు ఎప్పుడంటారో నాకు తెలియదా? మా ఆయనకి కూడా ఫర్వాలేదనే అన్నారు. పదకొండు తప్పులంటే మాట దెబ్బతిన్నట్టే, ఇక నన్ను అందాజా బల్ల మీదికి ఎక్కిస్తారు అనుకున్నాను. ఒక్క ముక్క నోరు తెరిచి అడిగితే పోయేది. భయం అడగనిచ్చిందా?

బస్సులో ఇంటికొస్తూ కళ్ళు మూసుకున్నాను. ఆ వరసంతా నాలుక మీదే ఉంది, ఆమె చెప్పిన పదకొండుతో సహా. గొడుగు, తాబేలు, నిచ్చెన, తాళం, గంట, చేప, సూది, బకెట్, దువ్వెన. ఆ రెండు రోజులూ గిన్నెలు తోముతూ ఒకటే గొణుగుడు.

"ఏంటమ్మా ఆ జపం?" అంది మా అమ్మాయి.

"పోయే ముందు పుణ్యం కోసం."

"అలాంటి మాటలు మాట్లాడితే నేను బయటికి పోతా" అని నిజంగానే వెళ్ళిపోయి, గేటు దగ్గర చాలాసేపు నిలబడింది.

రెండో పరీక్షలో అరవైకి అరవై. బొమ్మల వంక చూశానో లేదో నాకే గుర్తులేదు. మాటల డాక్టరమ్మ మొహం చేటంతైంది. "వాపు తగ్గడానికి వేసిన మందు భలే పనిచేసిందమ్మా!" అని పెద్ద డాక్టరుకి ఫోన్ చేసి చెప్పింది. నేను మేకపోతు గాంభీర్యంతో కూర్చున్నాను. గెలిచాననే అనుకున్నాను, అబద్ధమెందుకు.

ఆపరేషన్ రోజు పొద్దున్న ఎనిమిదింటికి మత్తిచ్చారు. మళ్ళీ మెలకువొచ్చేసరికి తల కదల్లేదు. ఇనప చట్రంలో బిగించారట. కళ్ళముందు నీలం గుడ్డ గుడారంలా కట్టి ఉంది, దాని కింద మాటల డాక్టరమ్మ మొహం, పలక. గుడ్డకి అవతల పెద్ద డాక్టరు. ఆయన గొంతు నా నెత్తి మీదనుంచి వస్తోంది. నాకు నొప్పి లేదు. ఆ లేకపోవడమే ఎక్కువ భయపెట్టింది. నా పుర్రె తెరిచి ఉంది, గాలి తగులుతోందో లేదో కూడా నాకు తెలియడం లేదు. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది, పక్కన మిషను దాన్ని అందరికీ వినిపిస్తోంది. దాచుకుందామన్నా దాగదు.

"అమ్మా, బావున్నారా?"

"బాగోక ఏం చేస్తానమ్మా, లేచి పోతానా" అన్నాను. నాలుక పిడచకట్టుకుపోయింది. తడిగుడ్డతో పెదాలు అద్దింది.

ముందు ఏమీ అడగకుండా ముట్టుకున్నారు. చిన్న టిక్ శబ్దం. నా కుడి బొటనవేలు లేచింది. నేను లేపలేదు. నా వేలు, నా చెయ్యి, నా ప్రమేయం లేకుండా లేచి దిగింది. "వేలు" అంది డాక్టరమ్మ. ఇంకో టిక్, నా మూతి ఒక పక్కకి లాక్కుపోయింది. "మూతి" అంది. ఇంకెవరో నా లోపల కూర్చుని తాళ్ళు లాగుతున్నట్టుంది. ఏడుద్దామంటే తల కదపకూడదు.

"ఇప్పుడు బొమ్మలు" అన్నాడు పెద్ద డాక్టరు.

ఇది గొడుగు. ఇది తాబేలు. ఇది నిచ్చెన. నోరు దాని దారిన అది పోతోంది. మధ్యమధ్య టిక్ మంటోంది. ఇది తాళం. ఇది గంట. "బావుంది, ఇక్కడేం లేదు" అంటున్నాడు ఆయన. ఇది చేప. ఇది సూది. ఇది బకెట్.

టిక్.

పలక మీదికి ఒక బొమ్మ వచ్చింది. ఈసారి నేను దాన్ని చూశాను, ఎందుకో మరి. పొడుగ్గా ఉంది. ఒక పక్క పళ్ళున్నాయి. అదేంటో నాకు తెలియలేదు. పేరు గుర్తురాకపోవడం కాదు, పేరనేది ఉండే చోటే నాలో లేదు. అక్కడ తెల్లగా, ఖాళీగా ఉంది. ఆ ఖాళీలోంచి నా గొంతు చక్కగా, స్పష్టంగా, "ఇది దువ్వెన" అంది.

ఎవరు మాట్లాడింది? నేను కాదు.

"శభాష్" అన్నాడు పెద్ద డాక్టరు. "ఇక్కడ కూడా ఏం లేదు. ఇటువైపు మొత్తం తీసెయ్యొచ్చు. అది ఇలా ఇవ్వండి" అని ఎవరినో ఏదో అడిగాడు.

అప్పుడర్థమైంది నేను చేసిన వెధవ పని. మాట దొరకని చోటుని ఆయన ముట్టుకున్నాడు. నా బట్టీ వచ్చి దాన్ని కప్పేసింది. ఆయన కొయ్యబోతున్నది సరిగ్గా అక్కడే.

ఇది... అంటూ పదోదానికి నోరు తెరుచుకుంటోంది. ఇరవై రెండేళ్ళ అలవాటు, ఆగదు. పళ్ళు కరిచిపట్టి ఆపాను.

"ఆపండి!" అని అరిచాను. మిషను గబగబా కొట్టుకుంది. "ఆపండి డాక్టర్ గారూ, కొయ్యకండి! నేను బొమ్మలు చూడ్డం లేదు. బట్టీ పట్టేశాను!"

మాటల డాక్టరమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఎన్ని?" అన్నాడాయన గుడ్డ అవతలనుంచి.

"అరవై."

"ఎందుకమ్మా?" అంది డాక్టరమ్మ.

"ఫెయిలైతే అందాజాగా చేస్తారన్నారుగా. భయమేసింది. ఇప్పుడు దువ్వెన అన్నానే, అది నేను అనలేదమ్మా. నాకు దువ్వెన తెలియనే లేదు, నోరు అనేసింది."

ఆయన చేతిలో ఉన్నది పళ్ళెంలో పెట్టిన చప్పుడు వినిపించింది. తరవాత మెల్లిగా అన్నాడు. "బట్టీ పట్టిన మాట వచ్చే దారి వేరమ్మా, చూసి వెతికి తెచ్చే మాట దారి వేరు. మీరు ఒక దారిలో వస్తున్నారు, నేను రెండోదాన్ని కోసేసేవాణ్ణి."

తిట్టి ఉంటే బావుండేది.

బొమ్మలు కలిపేశారు. ఏది ముందొస్తుందో డాక్టరమ్మకి కూడా తెలియదు. మొదటి చోటునుంచీ మళ్ళీ. ఇప్పుడు ప్రతి బొమ్మనీ నిజంగా చూస్తున్నాను. చెమట కళ్ళలోకి కారుతోంది, ఆమె తుడుస్తోంది. కొన్ని వచ్చాయి, కొన్ని టిక్ లేకుండానే రాలేదు, వాటిని తీసేసింది. మళ్ళీ ఆ చోటికి వచ్చారు. నాకెవరూ చెప్పలేదు, కానీ తెలిసింది.

టిక్. నాలుగు కాళ్ళు. వీపు.

"ఇది..." అన్నాను. "ఇది..."

రాలేదు. రావడం లేదని చెబుదామన్నా ఆ మాటలూ రాలేదు. నోరు తెరుచుకునే ఉంది. ఇక జీవితమంతా ఇలాగేనా? ఇలాగే నోరు తెరుచుకుని, పిలుస్తున్నవాళ్ళ వంక చూస్తూ? టిక్ ఆగింది.

"కుర్చీ!" అని గావుకేక పెట్టాను. "కుర్చీ! కుర్చీ! అది కుర్చీ తల్లీ!"

మూడుసార్లు చూశారు, మూడుసార్లూ అంతే. "ఇక్కడ వదిలేద్దాం" అన్నాడు పెద్ద డాక్టరు. ఆ తరవాత రెండు గంటలు ఆయన కోస్తున్నంతసేపూ డాక్టరమ్మ నన్ను మాట్లాడిస్తూనే ఉంది. ఏం మాట్లాడానో తెలియదు. మాట ఆగితే పోతుందేమోనని ఊపిరి తీసుకోవడానికి కూడా భయపడుతూ వాగాను.

మర్నాడు వార్డులో కళ్ళు తెరవగానే పైకి చూసి ఫ్యాను అన్నాను. కిటికీ అన్నాను. గ్లాసు, దుప్పటి, చెప్పులు. అన్నీ ఉన్నాయి. పక్క మంచం ఆవిడ నాకు పిచ్చెక్కిందనుకుని అటు తిరిగి పడుకుంది. మా అమ్మాయి స్టూలు మీద కూర్చుని నన్నే చూస్తోంది. కళ్ళు వాచి ఉన్నాయి.

మాటల డాక్టరమ్మ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "మీ అమ్మగారిది గట్టి గుండె. తల తెరిచి ఉండగా తప్పు ఒప్పుకున్నారు. లేకపోతే మొత్తం తీసేసేవాళ్ళం, మాట పోయేది" అని మా అమ్మాయికి జరిగిందంతా చెప్పింది. గడ్డలో ఐదోవంతు మిగిలిందట. ఆరునెలలకోసారి ఫొటో తీసి, పెరుగుతోందేమో చూస్తూ ఉండాలట. చెప్పి వెళ్ళింది.

మా అమ్మాయి తలుపు వంకే చూస్తూ అడిగింది. "నువ్వు చెప్పకపోతే గడ్డ మొత్తం పోయేదా?"

"మాట కూడా పోయేదే."

"నేనడిగింది గడ్డ గురించి."

"పోయేదేమో" అన్నాను.

"మరెందుకు చెప్పావు?" దాని గొంతు అంత పెద్దదని నాకు అప్పటిదాకా తెలియదు. పక్క మంచం ఆవిడ ఇటు తిరిగింది. "మాట లేకపోతే ఏమైంది? మూగదానిలా ఆ మూల కూర్చున్నా నాకు చాలు. సైగలు చేసుకునేవాళ్ళం. నాన్న ఏం మాట్లాడేవాడు? అయినా ఉన్నాడు కదా, ఉన్నన్నాళ్ళూ! నువ్వుంటే చాలు నాకు. ఒక్క మాట అనే ముందు నేనొకదాన్ని ఉన్నానని అనుకున్నావా?"

నీ పేరు పిలవలేకపోతానేమోనని భయపడ్డానే అని తియ్యటి మాటొకటి నాలుక చివరిదాకా వచ్చింది. అంటే కరిగిపోయేది, నన్ను వాటేసుకునేది. అబద్ధాలు ఆడటం నాకు కొత్తా? కానీ ఆ మొహం చూస్తూ ఆడలేకపోయాను.

"అనుకోలేదు" అన్నాను. "నా నోరు పోతుందని అరిచాను. నువ్వు గుర్తుకే రాలేదే."

అది తిడుతుందనుకున్నాను, లేచి వెళ్ళిపోతుందనుకున్నాను. గ్లాసు తీసి, గొట్టం నా పెదాల మధ్య పెట్టింది. గ్లాసు పక్కకి వంగి నీళ్ళు నా మెడ మీద ఒలికాయి. కొంగుతో తుడిచింది.

"ఆరునెలల తరవాత అది పెరిగిందంటే?" అంది.

"తెలీదే."

"నాకు భయంగా ఉందమ్మా."

"నాకూ" అన్నాను.